వియ్యాలవారి విందూ, నాలుగు కంప్యూటర్లూ

“ఒకటి ఆర్పెయ్యవే!”

“ఆర్పకూడదు అమ్మమ్మా, రెండూ పనిచేస్తున్నాయి.”

“ఏం పనిచేస్తున్నాయి? ఒకదాని ముందు నువ్వున్నావు. రెండోదాని ముందు పిల్లి కూడా లేదు.”

“ముందు మనిషి ఉండక్కర్లేదు. సగం పని ఇది చేస్తుంది, సగం అది చేస్తుంది. మధ్యలో ఈ వైరుంది చూడు, దీంట్లోంచి ఒకదానికొకటి చెప్పుకుంటాయి.”

“ఇద్దరు కూర్చుని చెప్పుకుంటూ ఉంటే పనవుతుందా? నేనెక్కడా చూళ్ళేదు.”

“అయ్యో అమ్మమ్మా! ఒక్కటే చేస్తే గంట పడుతుంది. రెండైతే అరగంట.”

“అరగంటసేపు రెండు తిరిగితే మీటరుకి గంటే కదే! మిగిలిందేమిటి?”

“టైము!”

“ఏం చేసుకుంటావు టైముతో? పొద్దున్నే లేస్తావా?”

ఇది మా బందరు ఇంట్లో, ముందు గదిలో, నాకూ మా మనవరాలికీ జరిగిన తగువు. ఆ రోజుల్లో కంప్యూటరంటే చెప్పులు బయట విడిచి, తలుపేసుకుని, చల్లటి గదిలో దర్శనం చేసుకోవాల్సిన దేవుడు. అటువంటి దేవుళ్ళు ఒకరు కాదు, ఇద్దరు, మా వీధి గుమ్మం పక్కన, నా బియ్యం డ్రమ్ము ఉండాల్సిన చోట తిష్ఠ వేశారు. డ్రమ్ము వంటింట్లోకి వెళ్ళింది, వంటింట్లో తిరగలి పెరట్లోకి వెళ్ళింది, పెరట్లో ఆయన పాత సైకిలు వానలో నిలబడింది. ఇవన్నీ ఒక పిల్ల చదువు కోసం. నా చదువు సంగతంటారా, నాలుగో తరగతి సగంలో ఆపేశారు. (పలక పగిలితే మళ్ళీ కొనడం దండగన్నారు మా నాన్న. ఆ మాట అప్పుడు కష్టంగా అనిపించింది గానీ, తరవాత నా పిల్లలకి నేనూ అదే మాట అన్నాను.) చిన్నప్పుడే పెళ్ళి, ఏడాది తిరక్కుండా కూతురు, ఆ కూతురికీ అదే తొందర. అందుకని ఇంజనీరింగు చదివే మనవరాలున్న అమ్మమ్మనైనా, నాకప్పటికి యాభై దాటి ఎన్నో ఏళ్ళు కాలేదు. ఆ రోజుల్లో నన్ను నేను ముసలిదాన్ననుకున్నాను. ఇప్పుడు లెక్క చూసుకుంటే పడుచుదాన్నే.

మనవరాలి తల్లిదండ్రులది దివిసీమలో కోడూరు. అక్కణ్ణించి రోజూ గుడివాడ కాలేజీకి తిరగడం అయ్యే పని కాదు కాబట్టి నా దగ్గర వదిలారు. పొద్దున లేచింది మొదలు (ఎప్పుడు లేస్తుందన్నది వేరే సంగతి) ఒకటే కిచకిచ. అందుకని మేమంతా దాన్ని పిచ్చుక అనేవాళ్ళం. ఆఖరి ఏడాది ప్రాజెక్టులో దీనికో జోడీ ఉండేది, మందపాటి అద్దాల కళ్ళజోడుతో. ఆ పిల్లని నేను కళ్ళజోడనే పిలిచేదాన్ని, తనూ పలికేది. ఆ రెండు పాత కంప్యూటర్లూ వాళ్ళ అన్నయ్య జెరాక్సు కొట్లో మూలపడి ఉంటే రిక్షాలో వేసుకుని తెచ్చారు. ఇవి ఇంట్లో చేసి చూసుకోవడానికి. కాలేజీలో అయితే ఇలాంటివి నాలుగు, వైర్లతో కలిపినవి ఉన్నాయట. నాలుగూ ఒకేసారి తిరుగుతాయని విన్నాక రెండు రాత్రులు నాకు సరిగ్గా నిద్రపట్టలేదు. ఎవరి మీటరైనా మీటరే కదా.

ప్రాజెక్టు ఏమిటంటే, నాకు అర్థమైనంతలో చెప్తాను. ఒక పనిని ముక్కలు చేసి నాలుగు కంప్యూటర్లకి పంచిపెట్టాలంటే పేజీలకి పేజీలు ఇంగ్లీషులో రాయాలట. వీళ్ళు ఆ రాతంతా తీసేసి బొమ్మలు పెట్టారు. తెరమీద ఒక పెట్టె అంటే ఒక పని. ఈ పెట్టెలోంచి ఆ పెట్టెకి బాణం గీస్తే, ఇది అయ్యాకే అది మొదలవ్వాలని. బాణం లేని పనులన్నీ ఎవరి కంప్యూటర్లో అవి ఒకేసారి సాగిపోతాయి. పని చేస్తున్న పెట్టె ఆకుపచ్చగా ఉంటుంది, అయిపోయింది నీలంగా మారుతుంది, తన వంతు కోసం చూస్తున్నది ఎర్రగా ఉంటుంది. అంతా ఎలక. అదే, మౌసు. దాన్ని చేత్తో జరుపుతూ పెట్టెల్ని లాగి ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవడమే. “ప్రోగ్రాం రాయడం రానివాళ్ళు కూడా వాడవచ్చు” అని వీళ్ళు రిపోర్టులో గొప్పగా రాసుకున్నారు. వాళ్ళ సారు అది చదివి, “రాశారు సరే, రానివాళ్ళెవరైనా వాడి చూశారా?” అన్నారట. కాలేజీలో అందరికీ ఎంతో కొంత వచ్చు, రాకపోయినా వచ్చనే చెప్తారు. అప్పుడు మా పిచ్చుక, “బొత్తిగా ఏమీ రానివాళ్ళు కావాలంటే మా అమ్మమ్మ ఉంది సార్” అందట. ఆ మాట ఇంటికొచ్చి నాకే చెప్పింది, నవ్వుతూ. నేనో పూట మాట్లాడలేదు. తరవాత ఆలోచిస్తే, ఇంజనీరింగు కాలేజీ వాళ్ళు నాకోసం వెతుక్కుంటున్నారన్న మాట కొంచెం బాగానే ఉందనిపించింది.

నా శిక్షణ మొదలైంది. మొదటిరోజే పేచీ. పెట్టె తెరవాలంటే మౌసు మీద టకటకా రెండుసార్లు నొక్కాలంది.

“రెండుసార్లెందుకు? ఒకసారి చెప్తే దానికి వినపడదా?”

“అలాగే నొక్కాలి అమ్మమ్మా.”

“ఈ ఇంట్లో ఎవరికీ ఏ పనీ రెండోసారి చెప్పను. మీ తాతయ్యకే చెప్పను.”

అరుగుమీద పేపరు చదువుకుంటున్న మా ఆయన పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నారు. (కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. అందరి వాదనలూ విని విని ఇంటికొచ్చాక మాటలంటే విరక్తి పుట్టింది ఆయనకి.) చివరికి మా పిచ్చుకే దిగొచ్చి, నాకోసం ఒకసారి నొక్కితే తెరుచుకునేలా మార్చింది. అది చూసి కళ్ళజోడు, “ఇలాగే బాగుందే, అందరికీ ఇలాగే ఉంచుదాం” అంది. ఆ పూట ఇద్దరికీ నెయ్యి ఒక చుక్క ఎక్కువే వేశాను.

రెండోరోజు అంకెల్ని వరసలో పెట్టడం నేర్పబోయారు. “ఈ అంకెలు ఎవరివి?” అన్నాను. “ఎవరివీ కావు, ఊరికే అంకెలు” అంది. “ఎవరివీ కానివి నేనెందుకు సర్దాలి? నాకు తెలిసిన పని పెట్టు” అన్నాను. “నీకు తెలిసిన పనేంటి?” అని అడిగింది పిచ్చుక, అదేదో నాకు లేనట్టు. “వియ్యాలవారికి విందు” అన్నాను. మా ఇంట్లో ఆ మర్యాద అంటే ఆషామాషీ కాదు. వియ్యంకుడు గుమ్మం దాటి వెళ్ళాక పదేళ్ళ వరకూ ఎవరూ వేలెత్తి చూపకూడదు.

పిల్లలకి ఆ ఆలోచన నచ్చింది. నాకు ఇంగ్లీషు అక్షరాలు రావు గనక పెట్టెలమీద బొమ్మలు గీశారు. అన్నానికి గిన్నె, పప్పుకి ముంత, పులుసుకి గరిటె, వడ్డనకి విస్తరాకు, వియ్యంకుడికి మీసాలు. అన్నం, పప్పు, పులుసు మూడు పొయ్యిల మీద ఒకేసారి ఉడుకుతాయి. కాలేజీలో అయితే ఒక్కొక్కటీ ఒక్కో కంప్యూటరు చూసుకుంటుంది, ఇంట్లో ఉన్నవి రెండే గనక ఒకటి రెండు పొయ్యిలు చూసుకుంటుంది. నిజంగా ఉడకడం ఏమీ లేదు, లోపల ఏదో లెక్క తిప్పుతూ ఉంటాయి, అంతే. ఆ మూడూ అయ్యాక వడ్డన. నేను బాణాలు గీశాను, మీట నొక్కాను. గిన్నె, ముంత, గరిటె మూడూ టక్కున పచ్చబడ్డాయి. నిజం చెప్పొద్దూ, ముప్పై ఏళ్ళుగా ఒంటిచేత్తో వంట చేసిన దానికి, మూడు పొయ్యిలు వాటంతటవే చూసుకోవడం చూస్తే కళ్ళు చెమర్చాయి. మీటరు సంగతి ఆ కాసేపు మర్చిపోయాను.

తరవాత మనుషుల సంగతి వచ్చింది. “ఇంకా మూడు బాణాలుండాలి” అన్నాను. ఒకటి, విస్తట్లో వడ్డించకుండా వియ్యంకుణ్ణి భోజనానికి పిలవకూడదు. ఖాళీ విస్తరి దగ్గరికి రమ్మంటే అంతకన్నా అవమానం ఉందా? రెండు, పిలవందే ఆయన వచ్చి కూర్చోడు, వియ్యంకుడు కదా. మూడు, మనిషి కూర్చోకుండా విస్తట్లో వడ్డించకూడదు. మనిషి లేని విస్తట్లో అన్నం పెట్టేది ఎప్పుడో అందరికీ తెలుసు, శుభమా అని విందు చేసుకుంటూ ఆ పని ఎవరు చేస్తారు? మూడు బాణాలూ గీసి మీట నొక్కాను. గిన్నె నీలమైంది, ముంత నీలమైంది, గరిటె నీలమైంది. విస్తరాకు ఎర్రగా ఉంది. పిలుపు ఎర్రగా ఉంది. మీసాలు ఎర్రగా ఉన్నాయి. చూస్తున్నాం, చూస్తున్నాం. ఎవరూ కదలరు.

“మిషను చెడిపోయింది” అన్నాను.

“మిషను బానే ఉంది. వడ్డన కూర్చోవడం కోసం ఆగింది, కూర్చోవడం పిలుపు కోసం ఆగింది, పిలుపు వడ్డన కోసం ఆగింది. తెల్లారేదాకా ఇంతే. దీన్ని డెడ్‌లాక్ అంటారు అమ్మమ్మా.”

“దీనికి పేరు కూడా పెట్టారా? అయితే మా ఇంట్లోనే కాదన్నమాట.”

“అసలు మీ ఇంట్లో ఇన్నేళ్ళుగా ఎలా జరుగుతోంది ఈ విందు?”

“జరిగిపోతుందంతే!”

“ముందు ఎవరు కదులుతారు?”

“అదంతా నేను చూశానా? ఎవరో గొంతు సవరించుకుంటారు, ఎవరో లేస్తారు, ఎవరో గరిటె తీస్తారు. జరిగిపోతుంది.”

“కంప్యూటరుకి ‘జరిగిపోతుందంతే’ అర్థం కాదు అమ్మమ్మా!”

చివరికి రాజీ కుదిరింది. మూడో బాణం, మనిషి కూర్చున్నాకే వడ్డన అన్నది, గియ్యకూడదు. “కంప్యూటర్లో ఉన్న వియ్యంకుడికి అశుభం ఏంటి అమ్మమ్మా?” అని గడ్డం పట్టుకుంది పిచ్చుక. పరీక్ష నాడు బయటి కాలేజీ నుంచి ఒక పెద్దాయన వస్తారట, ఆయన ముందు నేను గియ్యాలట, అప్పుడు ఎర్రబడి ఆగిపోతే ప్రాజెక్టు పోయినట్టేనట. ప్రాజెక్టు పోతే ఆ ఏడు పట్టా రాదు. హైదరాబాదులో ఒక కంపెనీ వాళ్ళు దీనికి ఉద్యోగం ఇస్తామన్నారు, పట్టా చేతిలో ఉంటేనే. మా వైపు ఆడవాళ్ళలో నెల జీతం అందుకున్నవాళ్ళు అప్పటికి ఎవరూ లేరు. నేను ఎంత మొండిదాన్నైనా ఆ మాట విన్నాక మాత్రం, “సరే, గియ్యను పో” అన్నాను.

పరీక్ష రోజు పాసింజరు రైల్లో గుడివాడ వెళ్ళాం. పెళ్ళిళ్ళకి తప్ప తియ్యని పట్టుచీర తీశాను. దారంతా పిచ్చుక చెవిలో అదే పాట, “ఆ బాణం గియ్యకు, ఆ బాణం గియ్యకు.” పెడన దాటేసరికి నాకు విసుగొచ్చి, “ఒకసారి చెప్తే వినపడదా నాకు?” అన్నాను. అది నోరు మూసుకుంది.

ల్యాబులో నాలుగు కంప్యూటర్లు. ఒక్కదాని ముందే కుర్చీ. వచ్చిన పెద్దాయనకి ఇంచుమించు నా వయసే ఉంటుంది, ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట. (పేరు చెప్పారు గానీ పిల్లలంతా ఎక్స్‌టర్నల్, ఎక్స్‌టర్నల్ అంటూంటే నాకూ అదే నోట పడింది. గారు మాత్రం నేను చేర్చాను.) ఆయనది గోదావరి జిల్లా అని మాట తీరులోనే తెలిసింది. నేను కుర్చీలో కూర్చుని, మౌసు పట్టుకుని, గిన్నె, ముంత, గరిటె అన్నీ పొందిగ్గా పెట్టుకుంటూ వచ్చాను. బాణాలు గీస్తున్నాను. ఎక్స్‌టర్నల్ గారు చేతులు వెనక్కి కట్టుకుని, వంగి చూస్తూ, “బావుందమ్మా, చాలా బావుంది” అంటున్నారు. పిచ్చుక మొహం వెలిగిపోతోంది. రెండు బాణాలయ్యాయి. మీట మీదికి చెయ్యి పోనిచ్చాను.

అప్పుడన్నారాయన, నవ్వుతూనే, “అదేంటమ్మా, మనిషి కూర్చోకుండానే వడ్డించేశారు? మా గోదావరి వైపు మనిషి వచ్చి కూర్చుంటే గానీ విస్తట్లో మెతుకు వెయ్యమండీ. మీ కృష్ణా వైపు ఇంతేనా?”

ఇక మీరే చెప్పండి. నా పక్కన ఇద్దరు పిల్లలు నిలబడ్డారు, వాళ్ళ చదువు నా చేతిలో ఉంది, నిజమే. కానీ నా వెనక మా అత్తగారు, ఆవిడ అత్తగారు, మా బందరు, మా దివిసీమ, మొత్తం కృష్ణా జిల్లా నిలబడి ఉంది. పిచ్చుక నా భుజం గిల్లింది. గట్టిగానే గిల్లింది. “మా వైపూ అంతేనండీ, గియ్యబోతున్నాను” అని, ఆ మూడో బాణం గీసి, మీట నొక్కాను.

మూడు నీలం. మూడు ఎరుపు.

“ఏమైందమ్మా? ఎవరూ కదలరే?” అన్నారాయన. కళ్ళజోడు, “అది సార్... అంటే సార్...” అని కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆయన నాలుగు కంప్యూటర్ల చుట్టూ ఒకసారి నడిచి వచ్చారు. అప్పుడు కరెంటు పోయింది. నాలుగూ ఒక్కసారే చల్లారాయి. అలవాటు కొద్దీ నా ప్రాణం ఒక్క క్షణం హాయిగా ఉంది, ఆ తరవాతే పిచ్చుక మొహం చూశాను. ఎక్స్‌టర్నల్ గారు కాగితాలు సర్దుకుంటూ, “రాత్రికి నేను గుడివాడలోనే ఉంటాను. రేపు పొద్దున ఇంకొకసారి చూస్తాను. ఆగిపోకుండా చేసుకుని రండి. ఆగిపోయే దానికి నేను సంతకం పెట్టలేను” అన్నారు.

తిరుగు రైల్లో పిచ్చుక కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కిచకిచ లేదు. నేనూ మాట్లాడలేదు. ఏం మాట్లాడను? తప్పు నాదే అనడానికి నోరు రాదు, నాది కాదు అనడానికి మొహం చెల్లదు. ఇంటికొచ్చి, పట్టుచీర మడత పెట్టి, అన్నం వండి, వంకాయ కూర చేశాను. దానికి ఇష్టం. పిలవలేదు. ఆకలైతే అదే వస్తుంది, పెద్దదాన్ని నేనెందుకు బతిమాలాలి అనుకున్నాను. అదేమో ముందు గదిలో కంప్యూటర్లకి వీపు ఆనించి కింద కూర్చుంది. కళ్ళజోడు ఆ రోజు మా ఇంట్లోనే ఉండిపోయింది. పాపం ఆ పిల్ల అటూ ఇటూ తిరుగుతోంది.

“నువ్వు తింటావా అని అడుగుతున్నారు మీ అమ్మమ్మగారు” అంది అక్కడికెళ్ళి. (నేను అడగలేదు. “వంటయింది” అన్నాను, అంతే.)

“తనొచ్చి పిలిస్తే తింటా” అంది అది.

“తాతయ్యగారూ, మీరు లేవండి” అంది అరుగు మీదికెళ్ళి.

“పిల్ల తిననిదే నేనెలా తింటానమ్మా?” అన్నారు మా ఆయన, పేపరు దించకుండా. వీధి లైటు వెలుతురులో ఆ పేపరు చదివిందే చదువుతున్నారు.

“అమ్మమ్మగారూ, మీరైనా...”

“మగమనిషి కూర్చోకుండా నేను కూర్చుంటానా? ఏం మాటే అది!”

ఆ పిల్ల గది మధ్యలో నిలబడిపోయింది. మధ్యాహ్నం కూడా దాని కడుపులో ఏమీ పడలేదు. కళ్ళజోడు పైకి తోసుకుని, ఏడవలేక అన్నట్టు అంది, “ముగ్గురూ ఎర్రగానే ఉన్నారు!”

ముందు గదిలోంచి పిచ్చుక లేచి పరిగెత్తుకుంటూ వచ్చింది. “అమ్మమ్మా! నువ్వు తాతయ్య కోసం, తాతయ్య నా కోసం, నేను నీ కోసం! ఎంతసేపయింది ఇలా కూర్చుని?”

“చాలాసేపైంది. అన్నం చల్లారింది.”

“మనం ఆగిపోయామని మనకి తెలిసిందా? తెలీలేదు! అలిగాం అనుకున్నాం. ఇది చెప్తే తెలిసింది. మామూలు ప్రోగ్రామైతే అంతే అమ్మమ్మా, ఎక్కడో ఆగిపోయి కూర్చుంటుంది, ఎవరు ఎవరి కోసం ఆగారో వెతుక్కోవడానికి వారాలు పడుతుంది. మాదైతే ఎర్రగా కళ్ళముందు పెట్టింది. పొద్దున చెడిపోలేదే అది, పనిచేసింది! ఆయనకి ఆ మాట చెప్పడం నాకు రాలేదు!”

నాకు సగమే అర్థమైంది. కానీ అది నాతో మాట్లాడుతోంది, అది పూర్తిగా అర్థమైంది. మా ఆయన పేపరు మడిచి లోపలికొచ్చారు. ఇద్దరు పిల్లలూ నిలబడే గబగబా తిని కంప్యూటర్ల ముందుకు వెళ్ళారు. అలా ఒకరి కోసం ఒకరు చుట్టూ తిరిగి ఆగిపోయినప్పుడు, ఆ బాణాలు మాత్రం మిణుకు మిణుకుమనేలా చెయ్యాలట. రెండు కంప్యూటర్లూ తిరుగుతున్నాయి, గదిలో లైటు వెలుగుతోంది, ఫ్యాను కూడా. నేను గుమ్మంలో నిలబడి చూసి, వంటింటి లైటు ఒక్కటి ఆర్పి వెళ్ళి పడుకున్నాను. (ఏదో ఒకటైనా ఆర్పకపోతే నాకు నిద్రపట్టదు.)

ఇప్పుడు నా ఫోనులోనే అలాంటి బుల్లి కంప్యూటర్లు ఎనిమిది ఒకేసారి పనిచేస్తాయట. దేని ముందూ ఎవరూ లేరు, ఎవరూ ఆర్పమని అనడం లేదు. ఆ పిచ్చుకే చెప్పింది, అది ఇప్పుడు పదిమందికి పని చెప్పే ఆఫీసరు, వాళ్ళకి ఒకటికి రెండుసార్లు చెప్పాల్సి వస్తోందని విసుక్కుంటుంది. పట్టుచీర కట్టుకుని, చేతిలో మౌసు పట్టుకుని, ఒక జిల్లా పరువంతా ఒక బాణంతో నిలబెట్టబోయిన ఆ మనిషి గుర్తొస్తే నాకు నవ్వొస్తుంది. కాస్త ముద్దు కూడా వస్తుంది, ఎవరో చిన్నపిల్లని చూసినట్టు.

మరునాడు పొద్దున మళ్ళీ వెళ్ళాం. మామూలు నేత చీరలోనే వెళ్ళాను. అవే బొమ్మలు పెట్టి, మూడు బాణాలూ గీశాను, ఈసారి పిచ్చుకే గియ్యమంది. మూడు ఎర్రబడ్డాయి, ఆ మూడు బాణాలూ మిణుకుమన్నాయి. పిచ్చుక చెప్పింది, “సార్, ఎవరు ఎవరి కోసం ఆగారో చూపించడమే దీని పని. ఎవరు ముందు కదలాలో అది చెప్పదు, మనమే తేల్చుకోవాలి.” ఎక్స్‌టర్నల్ గారు తెరమీదికి వంగి ఒక్కో బాణం వెంటా వేలు జరిపారు. తరవాత నన్ను లేవమని, తను కూర్చుని, “మా ఇంట్లో విందు వేస్తాను చూడండి, ఇలా ఆగదు” అని పెట్టెలు లాగడం మొదలుపెట్టారు. వాళ్ళింట్లో వియ్యంకుడు కాళ్ళు కడుక్కోవాలి, నీళ్ళు వాళ్ళ తమ్ముడు ఇవ్వాలి, తమ్ముడు ఇవ్వాలంటే అన్నగారు చెప్పాలి, అన్నగారు చెప్పాలంటే వంటింట్లోంచి కబురు రావాలి. మావి మూడు ఎర్రబడితే ఆయనవి అయిదు ఎర్రబడ్డాయి. అయిదు బాణాలూ మిణుకుమంటుంటే ఆయన కుర్చీలో వెనక్కి వాలి పడీ పడీ నవ్వారు. “మీ గోదావరి వైపు మర్యాద రెండు ఎక్కువేనండీ” అన్నాను. కాగితం తీసి సంతకం పెట్టారు. కళ్ళజోడు మళ్ళీ కళ్ళజోడు తుడుచుకుంది.

అంతలో అటెండరు రెండు గ్లాసుల్లో టీ తెచ్చి బల్లమీద పెట్టాడు.

“తీసుకోండమ్మా” అన్నారాయన.

“అయ్యో, ముందు మీరు తీసుకోండి” అన్నాను.

“ఆడవారు, పెద్దవారు, మీరు ముందు.”

“అతిథులు, మీరు ముందు.”

పిల్లలిద్దరూ మమ్మల్నే చూస్తున్నారు. నేను ఒక గ్లాసు తీసుకుని తాగాను. వేడిగా ఉంది.